పేడనీళ్ళకు మినహాయింపు లేదు

ఇటుకల పండగ వచ్చిందంటే మా కరకపుట్టులో మగవాళ్ళకి కొండ, ఆడవాళ్ళకి రోడ్డు. చైత్రమాసంలో విత్తనాలకి పూజ అయ్యాక మగవాళ్ళంతా విల్లంబులు, బరిసెలు పట్టుకుని వేటకి పోతారు. వాళ్ళు దిగొచ్చేదాకా ఊళ్ళో రాజ్యం మాది. రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు కట్టి వచ్చేపోయే బండినల్లా ఆపుతాం. పండగ మామూలు ఇచ్చినవాళ్ళు వెళ్తారు. ఇవ్వనన్నవాళ్ళు బండి దిగి మాతో నాలుగడుగులు థింసా ఆడి వెళ్తారు. అరకు చూడ్డానికొచ్చిన పట్నం వాళ్ళయినా సరే, అనంతగిరి నుంచి కాఫీ బస్తాలేసుకొచ్చే లారీ డ్రైవరయినా సరే.

ఇంకో ఆచారం ఉంది. అది మాకు మరీ ఇష్టం. వేటకెళ్ళి వట్టి చేతులతో దిగిన మగవాడి నెత్తిన పేడనీళ్ళు పోస్తాం. కుందేలో, అడవికోడో, కనీసం రెండు అడవిదుంపలో చూపించి తప్పించుకోవాలి. కొండ దిగే వరసలో ఎవడున్నా వేటగాడి కిందే లెక్క. వరసలోంచి పక్కకి తప్పుకోకూడదు, ఊరికి అరిష్టం. ఊరి పెద్ద నాయుడయినా, పూజారయినా మా ముందుకి రావలసిందే. రెండువేల ఏడులో మా ఆయన బుధు మీద పోసింది నేనే. పెళ్ళయిన పన్నెండేళ్ళలో దాచుకున్న కోపమంతా ఒక్క బాల్చీతో తీరిపోయింది. ఆ రాత్రి ఆయన నాతో మాట్లాడలేదు, కానీ కూర మాత్రం రెండోసారి పెట్టించుకున్నాడు.

ఇప్పుడు చెప్పేది రెండువేల ఎనిమిదో సంవత్సరం పండగ గురించి. ఆ ఏడు మేం మామూలు అడగలేదు. కాగితం అడిగాం.

నా పేరు ముత్యాలమ్మ. గెడ్డ అవతలున్న బడిలో మధ్యాహ్నం వంట చేస్తాను. ఏడో తరగతి దాకా చదివాను. మా ఊరి ఆడవాళ్ళలో అంతకు మించి చదివినవాళ్ళు లేరు కాబట్టి ఆ పని నాకిచ్చారు. అంతకు ముందు దసరాకి మండలంలో ఒక తీర్మానం జరిగింది. సర్కారు డబ్బు తినేవాళ్ళంతా రోజూ ఏం చేశారో నల్లబోర్డు మీద జనానికి కనబడేలా రాయాలని. మేష్టారు ఎన్నింటికొచ్చాడో, డిపో వాడు ఎంత బియ్యం ఇచ్చాడో, నేను ఏం వండానో, అన్నీ. నాకిచ్చేదాన్ని జీతమనడానికి నాకే నోరు రాదు. అయినా ఆ తీర్మానం విని సంతోషించాను. దాచుకోడానికి నా దగ్గరేముంది, కట్టెలపొగ తప్ప!

అందుకని ఉన్నది ఉన్నట్టు రాసేదాన్ని. ఒకరోజు ఇలా రాశాను: "ఈ రోజు సాంబారు. పప్పు రాలేదు. సాంబారు అనుకుని తాగవలెను." మండలాధ్యక్షుడు సర్వేశ్వరరావు జీపులో పోతూ అది చూసి దిగాడు. మనిషి తెల్లగా ఉతికిన బట్టల్లోనే తప్ప కనబడడు. కాఫీ తోటలున్నాయి, మాట తియ్యన, కోపం వస్తే మాత్రం చెవులు ఎర్రబడతాయి.

"ఇదేటమ్మా ఈ రాత? మండలం పరువు తీసేత్తన్నావు," అన్నాడు.

"రాయమన్నది మీరే కదా బాబూ. పప్పు పంపండి, పప్పని రాత్తాను," అన్నాను.

ఆయన చెవులు చూశాను. ఎర్రగా ఉన్నాయి. వారం తిరక్కుండా పప్పు వచ్చింది. అప్పట్నించి ఆ బోర్డు మీద నాకు గొప్ప నమ్మకం కలిగింది.

ఆ నమ్మకంతోనే గెడ్డ సంగతి పట్టుకున్నాను. మా ఊరికీ బడికీ మధ్య గెడ్డ ఉంది. ఎండల్లో మోకాలి లోతు, వానల్లో మనిషి లోతు. తాడు కట్టుకుని దాటేవాళ్ళం. ఆ పండగకి ముందటి శ్రావణంలో మా సోని చేతిలోంచి తాడు జారింది. పదేళ్ళ గుంట. బుధు జుట్టు పట్టి లాగకపోతే నాకు కూతురు లేదు. ఆ రోజు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గెడ్డ మీద వంతెన పడకపోతే వచ్చే వానలకి నిన్ను బడి మానిపించేస్తానని ఒట్టేశాను. అది ఏడ్చింది. నీళ్ళలో కొట్టుకుపోయినప్పుడు ఏడవలేదు, ఈ మాటకి ఏడ్చింది. కానీ ఒట్టు ఒట్టే. బతికున్న గుంట కావాలి నాకు, చదువుకుని పోయిన గుంట కాదు.

వంతెన మంజూరైందని అంతకు ముందే చెప్పుకున్నారు. మా నాలుగూళ్ళ సభ్యుడు మంగరాజు కూడా అన్నాడు. మంగరాజు మా ఊరివాడే, వరసకి నాకు మరిది. ఓటడగడానికి వచ్చినప్పుడు మా ఇంట్లో అంబలి తాగి, "వదినా, గెడ్డ మీద వంతెన, నాదీ పూచీ," అన్నాడు. గెలిచాక ఒక మోటారుసైకిలు, ఒక రెగ్జిన్ సంచీ కొన్నాడు. సంచీ చంకలోంచి దిగదు. నెలనెలా మండలం మీటింగుకి వెళ్ళొస్తాడు. వంతెన ఏమైందిరా అంటే, "పైన చూత్తన్నారు," అంటాడు. పైన అంటే కొండ మీదో, ఆకాశంలోనో మాకు తెలీదు.

సంక్రాంతి దాటింది, పుష్యం పోయింది, ఒక్క ఇటుక రాలేదు. అప్పుడు నేను కొత్తగా వచ్చిన సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాను. మా గెడ్డ వంతెన గురించి మీటింగులో ఏం మాట్లాడారో, మా సభ్యుడు ఏమన్నాడో, తీర్మానాల పుస్తకంలో ఆ కాగితం నకలు ఇప్పించగలరని. నెల తర్వాత జవాబొచ్చింది. దాన్ని చదివి నేను వంటపొయ్యి దగ్గరే కూలబడ్డాను. అన్నం అడుగంటింది. ఆ రోజు బోర్డు మీద "మాడింది" అని రాశాను.

ఆ కాగితంలో ఉన్నదేమిటంటే, ప్రజాప్రతినిధుల గౌరవం దృష్ట్యా, సభ్యుల హాజరు, వారు మాట్లాడిన మాటలు, తీర్మానాల పుస్తకం ఎవరికీ చూపనక్కర్లేదని సభ్యులంతా ఏకగ్రీవంగా తీర్మానించి ఉన్నారట. ఏ రోజున? మా చేత బోర్డు రాయించిన రోజునే. మా పప్పు సంగతి ఊరందరికీ చెప్పాలన్న నోళ్ళే, అదే మీటింగులో, అదే టీ తాగుతూ, మా సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దని రాసుకున్నాయి.

మర్నాడు మండలాఫీసుకి వెళ్ళాను. అక్కడ గుమాస్తా లక్ష్మీప్రసాద్ శృంగవరపుకోట వైపు కుర్రాడు. మా కొండ చలికి ఏప్రిల్లో కూడా మఫ్లరు విప్పడు. నా మీద జాలిపడ్డాడు.

"అమ్మా, ఇవ్వాలనే ఉంది. ఇస్తే నా ఉద్యోగం పోద్ది. ఒక్క మాట చెప్తాను, నేను చెప్పానని అనొద్దు. ప్రతి మీటింగు అయ్యాక తీర్మానాల నకలు ప్రతి సభ్యుడికీ కవర్లో పెట్టి ఇస్తాం. మీ సభ్యుడికీ ఇచ్చాం," అన్నాడు.

అంటే నేను అడిగిన కాగితం మా ఊళ్ళోనే, మా మరిది చంకలో తిరుగుతోంది.

అడిగితే మంగరాజు సంచీని ఇటు చంక నుంచి అటు చంకకి మార్చుకున్నాడు. "అది సభ రహస్యం వదినా, సూపకూడదు. తీర్మానం," అన్నాడు. అంటూ నా కళ్ళలోకి చూడలేదు. దొంగ అనుకున్నాను. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టి, తెలియనివి రెండు యర్రమ్మత్తని అడిగి తెచ్చుకుని తిట్టాను.

యర్రమ్మ ఊరందరికీ అత్త. మంగరాజుకి స్వయానా మేనత్త. డెబ్భై ఏళ్ళుంటాయి, ఇప్పటికీ పండగకి పేడనీళ్ళు కలిపేది ఆవిడే. ఎంత నీళ్ళకి ఎంత పేడ అన్నది ఇంకొకరి చేతికి రాదు. గెడ్డ దగ్గర బట్టలుతుకుతూ నేను జవాబు కాగితం చదివి వినిపిస్తే, ఆడవాళ్ళంతా బండ మీద బట్టల్ని మామూలు కంటే గట్టిగా బాదారు. యర్రమ్మ ఒక్కతే బాదడం ఆపి అడిగింది.

"అయితే ఓలమ్మా, మనం తిన్న పప్పు అందరికీ సెప్పాల. ఆలు ఆడిన మాట మాత్తరం ఎవులికీ సెప్పరు. అంతేనేటి?"

"అంతే అత్తా."

"మన నాయుడికి పేడనీళ్ళు నేవా? పూజారికి నేవా? ఈలకేటొచ్చింది మినహాయింపు! దేముడిచ్చినాడేటి?" అంది. బట్టని మళ్ళీ బండ మీద వేసి, "పండగ రానీ," అంది.

అంతే. అందరికీ అర్థమైపోయింది.

పండగ నాలుగోనాడు పొద్దున్నే వెదురుబొంగు కట్టాం. తలలో పూలు, ముదురు రంగు చీరలు, మా మొహాల్లో వెలుగు. మగవాళ్ళు తెల్లారకముందే కొండెక్కారు. మొదట విశాఖ నుంచి ఒక టూరిస్టు బస్సు వచ్చింది. అందులో లావుపాటి బ్యాంకు మేనేజరు ఒకాయన దిగి, మామూలు ఇవ్వడం మానేసి, అరగంట థింసా ఆడాడు. వాళ్ళావిడ వచ్చి చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. తర్వాత పెళ్ళివారి జీపు. తర్వాత సర్వేశ్వరరావు గారి జీపు.

ఆయన నవ్వుతూ వంద నోటు తీసి కిటికీలోంచి చాపాడు. యర్రమ్మ పుచ్చుకోలేదు.

"నోటొద్దు బావూ. కాయితం కావాల. గెడ్డ వంతెన కాయితం. సదివేసి ఎల్లిపో."

నవ్వు పోయింది. "పండగ వేరు, పరిపాలన వేరు. అది సభ గౌరవం," అన్నాడు.

"అయితే దిగి ఆడు," అంది యర్రమ్మ.

దిగలేదు. ఆడలేదు. చెవులు ఎర్రగా చేసుకుని జీపు వెనక్కి తిప్పించాడు. మండలాధ్యక్షుణ్ణి వెనక్కి పంపించామని మేం ఎగిరిన ఎగురుడుకి డప్పు వాయించే గుంటలు అలసిపోయారు. నాకు మాత్రం లోపల బెంగగానే ఉంది. వచ్చే సోమవారమే మీటింగు. అందులో తేలకపోతే వానల లోపల పని మొదలవదు. వానలొస్తే నా ఒట్టు ఉంది. సోని బొంగు పక్కన కూర్చుని, వచ్చిన బండ్ల నంబర్లు పైకి చదువుతోంది. దానికి అక్షరం కనబడితే చాలు.

వెనక్కి తిరిగిన జీపుకి రెండు మైళ్ళ అవతల మంగరాజు మోటారుసైకిలు ఎదురైందిట. అప్పటికి మాకు తెలీదు, తర్వాత వాడే చెప్పాడు. ఊళ్ళో ఆడవాళ్ళు కాగితం అడుగుతున్నారు, రోడ్డున పోకు అని అధ్యక్షుడు హెచ్చరించాడు. మంగరాజు బండిని పక్క ఊళ్ళో పెట్టి, సంచీ చంకన పెట్టుకుని, కొండ మీద కాలిబాట పట్టాడు. సభ్యుడయ్యాక రెండేళ్ళుగా వాడు వేటకి పోవడం మానేశాడు. మీటింగులు, ఆఫీసులు అని తిరిగి తిరిగి పండగ వేళలే మరిచిపోయాడు. వేటగాళ్ళు సాయంత్రానికి గానీ దిగరులే అనుకున్నాడు. ఆ బాట ఎవరి బాటో వాడికి గుర్తుంటే ఆ పని చేసేవాడు కాదు.

ఆ ఏడు మగవాళ్ళు మధ్యాహ్నానికే దిగేశారు. మలుపులో మంగరాజు సరిగ్గా వాళ్ళ మధ్యలో పడ్డాడు. ముందు పదిమంది, వెనక పన్నెండుమంది, బాటకి ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ. పక్కకి తప్పుకోబోతే బుధు బరిసె అడ్డం పెట్టాడట.

"వరస తప్పితే ఊరికి మంచిది కాదురా తమ్ముడా," అన్నాడట, మహా భక్తిగా.

మా ఆయన జన్మలో చేసిన మంచి పనుల్లో సోనిని గెడ్డలోంచి లాగడం మొదటిదైతే, ఇది రెండోది.

కొండ కింద మేం బాల్చీలతో నిలబడ్డాం. ఒక్కొక్కడూ వచ్చి తెచ్చినది చూపిస్తున్నాడు. ఒకడు అడవికోడి. ఇద్దరు కలిసి ఒక కుందేలు. బుధు ఈసారి జాగ్రత్తపడ్డాడు, తట్టెడు దుంపలు తవ్వుకొచ్చాడు. నలుగురికి పేడనీళ్ళు పడ్డాయి. అయిదోవాడు తెల్లచొక్కా, రెగ్జిన్ సంచీతో వచ్చి నిలబడ్డాడు. డప్పు ఆగింది.

"ఏట్రా అల్లుడా, ఏటి తెచ్చినావు?" అంది యర్రమ్మ.

"నాను ఏటకెల్నేదత్తా. దార్లో కలిసినాను."

"ఎల్నేదా? నెలనెలా మండలానికి ఎల్తన్నావు కాదేటి? మా అందరి బదులూ ఎల్తన్నావు. అది ఏట కాదేటి? ఏటి తెచ్చినావో సూపించు. ఉంటే సూపించు, నేకపోతే బాల్చీ."

జనం నవ్వు ఆపుకోలేకపోయారు. మంగరాజు మాత్రం నవ్వలేదు. సంచీని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. నేను వెళ్ళి సంచీ మీద చెయ్యి వేశాను. వదిన చెయ్యి కాబట్టి తోసెయ్యలేడు. మెల్లగా, నాకొక్కదానికే వినబడేలా, "వదినా, ఇందరి ముందు వద్దే," అన్నాడు. నాకు జాలి కలగలేదు. గెడ్డలో సోని జుట్టు మాత్రమే గుర్తొచ్చింది. సంచీ లాగి జిప్పు తీశాను.

లోపల పద్దెనిమిది కవర్లున్నాయి. నెలకొకటి. ఒక్కటీ చింపలేదు. వేసిన పిన్ను వేసినట్టే ఉంది, తుప్పు కూడా పట్టింది. నేను కవర్ల వైపు చూశాను, వాడి వైపు చూశాను. వాడు నేల చూస్తున్నాడు. వాడికి చదవడం రాదని నాకప్పుడు తెలిసింది. ఏళ్ళ తరబడి ఒకే ఊళ్ళో ఉండి, వాడి సంతకం చూసి చదువొచ్చిందనుకున్నాం అందరం. సంతకం ఒక్కటే నేర్చుకున్నాడు, నామినేషన్ కోసం.

ఆపేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆపలేదు. దసరా కవరు చింపి గట్టిగా చదివాను.

"హాజరైనవారు... కరకపుట్టు సభ్యులు శ్రీ మంగరాజు గారు." వెళ్ళాడన్నమాట. ఎగ్గొట్టలేదు. "ఏడవ తీర్మానం: సభ్యుల హాజరు, ప్రసంగములు, తీర్మానముల పుస్తకము ప్రజలకు చూపనవసరం లేదని అధ్యక్షులు ప్రతిపాదించగా, శ్రీ మంగరాజు గారు బలపరచిరి."

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. యర్రమ్మ బాల్చీ ఎత్తింది. నేను చెయ్యి అడ్డం పెట్టి చదివాను.

"పదకొండవ తీర్మానం: కరకపుట్టు గెడ్డపై వంతెన అవసరం లేదనియు, ఆ గ్రామస్థులు తాడు సాయమున సుఖముగా దాటుచున్నారనియు, సదరు వంతెనను అధ్యక్షుల కాఫీ తోటకు పోవు దారికి మార్చవలెననియు శ్రీ మంగరాజు గారు కోరగా, సభ ఆమోదించెను."

ఎవరూ నవ్వలేదు. సుఖముగా దాటుచున్నారట! కాగితాన్ని వాడి మొహం మీద కొడదామని తలెత్తితే, వాడి మొహం చూసి చెయ్యి రాలేదు.

"నానా?" అన్నాడు మంగరాజు. "నానన్నానా ఆ మాట? వదినా, మళ్ళీ సదువు. నా పేరే ఉందేటి?"

మళ్ళీ చదివాను. వాడు అక్కడే బండ మీద కూలబడ్డాడు.

"ఏడోది తెలుసు నాకు," అన్నాడు. "కాయితాలు ఎవులికీ సూపనక్కర్లేదంటే అందరికన్నా ముందు సెయ్యెత్తినాను. ఎవులైనా అడిగితే సదవాల. సదవలేనని తెలిసిపోతాది. అందుకే. ఈ పదకొండోది నాకు తెలీదు. టీ ఇచ్చినారు, బూందీ ఇచ్చినారు, ఇక్కడ సంతకం పెట్టు అన్నారు. ఇంటికాడ పెడితే మా గుంట సదివేత్తాదని సంచీ మోసుకు తిరిగినాను. నా వంతెన పోయిందన్న కాయితాన్ని నానే మోసినాను ఆర్నెల్లు."

వాడు ఏడిచాడు. చెట్టంత మనిషి. నాకు కోపం పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ కోపం పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. ఎవరికీ చూపించొద్దని వాడు తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు వెనకే వాడి కొంప దోచారు.

యర్రమ్మ బాల్చీ పట్టుకుని అలాగే నిలబడింది. పోయాలో మానాలో ఆవిడకే తోచలేదు. డెబ్భై ఏళ్ళలో అది మొదటిసారి అనుకుంటాను.

మంగరాజే ముక్కు చీదుకుని లేచాడు. తెల్లచొక్కా విప్పి పక్కన పెట్టాడు. "పొయ్యత్తా. ఏటకెల్లి ఏటీ తేనోడికే బాల్చీ అయితే, ఊరి సొమ్ము పోగొట్టుకొచ్చినోడికి ఎన్ని?" అన్నాడు.

"మూడు," అంది యర్రమ్మ తడుముకోకుండా.

మూడూ పోశాం. ఒకటి ఆవిడ, ఒకటి నేను. మూడోది వాడి పెళ్ళాం ఎక్కణ్ణుంచో పరిగెత్తుకొచ్చి, "నాకివ్వండి, నాకివ్వండి," అని లాక్కుని పోసింది. అప్పుడు అందరం నవ్వాం. వాడూ నవ్వాడు, పేడ పళ్ళమ్మటా కారుతుంటే. డప్పు మొదలైంది. వాణ్ణి మధ్యలో పెట్టుకునే థింసా ఆడాం. ఆ కంపుకి పక్కన నిలబడడానికి భయపడి బుధు వరస చివరికి పారిపోయాడు.

స్నానం చేసి వచ్చాక వాడు మా గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా, సోమవారం నాతో రా. నువ్వే కాదు, అందరూ," అన్నాడు.

సోమవారం ఒక్క సర్వీసు జీపులో పంతొమ్మిదిమందిమి వెళ్ళాం. ఎనిమిదిమంది లోపల, మిగతావాళ్ళు పైన. పండగ సెలవులని సోని కూడా నా ఒళ్ళో కూర్చుంది. యర్రమ్మ ఒక కుండ, దానికి గుడ్డ మూత, ఎవర్నీ ముట్టనివ్వకుండా తెచ్చింది. మీటింగు హాల్లోకి సభ్యులకి తప్ప ప్రవేశం లేదన్నారు. సరే అని కిటికీ దగ్గర నిలబడ్డాం. యర్రమ్మ కుండని కిటికీ గట్టు మీద పెట్టింది. సర్వేశ్వరరావు గారు దాన్ని చూశారు. పండగ మాట ఆయన చెవిన పడే ఉంటుంది. మీటింగు జరిగినంతసేపూ ఆయన సగం చూపు ఆ కుండ మీదే ఉంది. బిళ్ళ బంట్రోతు వచ్చి, "అందులో ఏటుందే ముసలమ్మా?" అన్నాడు గుసగుసగా.

"అంబలి. తాగుతావేటి?" అంది. నిజంగా అంబలే. వాడు మాత్రం నమ్మకుండా నాలుగడుగులు వెనక్కి పోయాడు.

లోపల టీలు అయ్యాయి. లక్ష్మీప్రసాద్ పుస్తకం పట్టుకుని సంతకాలకి బయల్దేరాడు. మంగరాజు దగ్గరికి వచ్చేసరికి వాడు పెన్ను పుచ్చుకోలేదు. లేచి నిలబడ్డాడు.

"నాకు సదవడం రాదు," అన్నాడు. ఆ మాట అనడానికి వాడికి ఎంత కష్టమైందో నాకు తెలుసు. "అందుకని గట్టిగా సదివి ఇనిపించండి. బయటోలికి కూడా ఇనబడాల. అప్పుడు పెడతాను సంతకం."

"సభ గౌరవం..." అన్నారు అధ్యక్షులు.

"గౌరవానికి మొన్న మూడు బాల్చీలు పోసినారు బావూ. కడుక్కున్నాను. ఇప్పుడు శుభ్రంగానే ఉంది. సదవండి."

బయట మేం విరగబడి నవ్వాం. లోపల మూల కుర్చీలోంచి ఒక సభ్యురాలు, లంబసింగి వైపు నుంచి వచ్చిన కోడలు, మెల్లగా చెయ్యెత్తింది. "నాకూ రాదు. నాకూ సదవండి," అంది. ఆ వెనక ఇంకొకరు. ఆ వెనక పంచె కట్టుకున్న పెద్దాయన. పదిహేనుమందిలో ఏడుగురు తేలారు. చదవడం వచ్చిన ముగ్గురు కూడా, పోనీ మేం కూడా ఎప్పుడూ చదవలేదని ఒప్పుకున్నారు. లక్ష్మీప్రసాద్ మఫ్లరు తీసి పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు. ఆ కుర్రాడి మెడ నేను అప్పుడే మొదటిసారి చూశాను.

గంటన్నర చదివాడు. ప్రతి తీర్మానానికీ లోపల ఒక గొడవ, బయట ఒక ఈల. సభ్యులకిచ్చిన మినహాయింపు పదకొండు చేతులతో కొట్టేశారు. వంతెన తిరిగి కరకపుట్టు గెడ్డకే ఇవ్వాలని మంగరాజు అడిగాడు. చేతులు లేచాయి. అధ్యక్షుల చెవులు ఎర్రగా ఉన్నాయి, అయినా కుండ వైపు ఒకసారి చూసి ఆయన చెయ్యి కూడా సగం లేచింది. లక్ష్మీప్రసాద్ ఆ తీర్మానం రాసి, చదివి వినిపించి, పుస్తకం మంగరాజు ముందు పెట్టాడు.

మంగరాజు పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టబోయి ఆగాడు. పుస్తకం మూసి, దాన్ని పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. "అదేటి, పుస్తకం బయటికి పోకూడదు!" అని ఎవరో అరిచారు. వాడు వినలేదు. ఊచల మధ్య నుంచి అడ్డంగా తిప్పి బయటికి తోశాడు.

"వదినా, ఆ బాబు సదివిందే అందులో రాసుందా? సూడు," అన్నాడు.

నెలల తరబడి నన్ను ముట్టనివ్వని పుస్తకం నా చేతుల్లో పడింది. పేజీ తిప్పాను. అక్షరాలు కనబడ్డాయి, కానీ కళ్ళనిండా నీళ్ళొచ్చి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. తుడుచుకున్నాను. మళ్ళీ వచ్చాయి. లోపల అందరూ నా కోసం చూస్తున్నారు.

సోని నా మోచేతి కిందనుంచి దూరి పుస్తకం తన వైపు లాక్కుంది. వేలు పెట్టి, బడిలో పాఠం చదివినట్టు, ఊరంతా వినబడేలా మొదలుపెట్టింది.

"కరకపుట్టు గెడ్డపై... వంతెన... వర్షములకు ముందుగా... నిర్మింపవలెను."

మంగరాజు ఊచలు పట్టుకుని విన్నాడు. "ఇంకోసారి సదవే గుంటా," అన్నాడు.

అది ఇంకోసారి చదివింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. అప్పుడు మంగరాజు కిటికీ గట్టు మీద పుస్తకం పెట్టించుకుని, ఊచల్లోంచి చెయ్యి చాపి సంతకం చేశాడు.